పాఠకుల ప్రశ్నలు: కాక్‌పిట్ నుంచి మాట రాని వేళ

ప్రశ్న: పోయిన ఏడాది అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్తున్నప్పుడు, బయలుదేరిన నాలుగు గంటలకు ఎయిర్ హోస్టెస్‌లు భోజనాల బండ్లను ఉన్నట్టుండి వెనక్కి తోసుకుపోయారు. ముప్పావు గంట సేపు ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరకు కెప్టెన్ ‘చిన్న సాంకేతిక సమస్య, వెనక్కి వెళ్తున్నాం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ప్రయాణికుల దగ్గర ఇంత దాపరికం ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒక్క ముక్కతో సరిపెట్టడం బాగాలేదన్న మాట ఒప్పుకుంటాను కానీ, ఆ ముప్పావు గంట మౌనాన్ని దాపరికం అనలేను. ముందు విమానాన్ని అదుపులో ఉంచుకోవాలి, తర్వాత ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి, ఆ రెండూ కుదుటపడ్డాకే మాట్లాడాలి అన్న క్రమాన్ని పైలట్లకు శిక్షణ మొదటి రోజుల నుంచే నూరిపోస్తారు. ఆ మాట్లాడటంలో కూడా నేల మీది కంట్రోలర్లు, క్యాబిన్ సిబ్బంది అయ్యాకే మన వంతు వస్తుంది.

లోపల ఏం జరుగుతుందో తెలియాలంటే 2010 నవంబరు 4న సింగపూర్ నుంచి సిడ్నీకి బయలుదేరిన ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ 32వ నంబరు విమానాన్ని చూడాలి. అది నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ380. అందులో 469 మంది ఉన్నారు. నేల విడిచిన నాలుగు నిమిషాలకే, సుమారు ఏడు వేల అడుగుల ఎత్తులో, ఎడమ రెక్క కింది రెండో ఇంజిన్‌లో టర్బైన్ చక్రం పగిలి, దాని ముక్కలు రెక్కను చీల్చుకుంటూ పోయాయి. ఇంజిన్‌లోని ఒక సన్నని ఆయిల్ గొట్టాన్ని తయారీలో సరిగ్గా తొలవకపోవడంతో అది పగుళ్లిచ్చి, కారిన ఆయిల్ అంటుకోవడమే దీనికి మూలమని తర్వాత దర్యాప్తులో తేలింది. వైర్లు తెగిపోయాయి, ఇంధనం కారసాగింది, హైడ్రాలిక్స్ నుంచి బ్రేకుల దాకా ఒకదాని వెంట ఒకటిగా హెచ్చరికలు తెర మీదకు వచ్చాయి. ఆ రోజు కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు ఉండటం అదృష్టమే అనాలి. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ పనితీరును పరీక్షించడానికి ఒకరు, ఆ పరీక్షకుడికి శిక్షణ ఇవ్వడానికి మరొకరు అదనంగా ఎక్కారు. అంతమంది ఉండి కూడా ఆ హెచ్చరికలను వరుసగా చూసుకుంటూ రావడానికి దాదాపు 50 నిమిషాలు పట్టింది.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ 50 నిమిషాల్లో జరిగిన ఒక చిన్న సంగతిలో ఉంది. క్యాబిన్ సిబ్బందికి పెద్దగా ఉన్నవారు అత్యవసర మీట నొక్కి పైలట్లతో మాట్లాడాలని ప్రయత్నించారు. కాక్‌పిట్‌లో హారన్ మోగింది కూడా. కానీ యంత్రాల హెచ్చరికలు అప్పటికే ఎడతెగకుండా మోగుతున్నందువల్ల, ఇదీ వాటిలో ఒకటే అనుకుని పైలట్లు ఆ హారన్‌ను ఆపేశారు. సొంత సిబ్బంది పిలుపే అందనప్పుడు ప్రయాణికులకు వివరం చెప్పే తీరిక ఎక్కడిది? తర్వాత ఆ ఐదుగురు పైలట్లలో ఒకరైన సెకండ్ ఆఫీసర్ స్వయంగా క్యాబిన్‌లోకి వచ్చి చూశారు. అప్పుడు, అదే సంస్థలో పైలట్ అయిన ఒక ప్రయాణికుడు తన ముందున్న సీటు తెరను ఆయనకు చూపించారు. తోక మీది కెమెరా దృశ్యంలో ఎడమ రెక్క నుంచి ఏదో ద్రవం కారుతూ కనబడింది.

విమానం క్షేమంగా సింగపూర్‌లోనే దిగింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దిగాక కెప్టెన్ ప్రయాణికులను కలిసి జరిగినదంతా వివరించి, తన ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. మీ కెప్టెన్ గారు కనీసం దిగాకైనా మరో నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది.

ప్రశ్న: ఆపద ముంచుకొచ్చినప్పుడు పైలట్లు పుస్తకం తెరిచి చదువుతారట. వేల గంటల అనుభవం ఉన్నవారికి ఆ మాత్రం గుర్తుండదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గుర్తుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ 236 విమానం అట్లాంటిక్ మీద ఉండగా, కుడి ఎడమ ట్యాంకుల్లో ఇంధనం సమానంగా లేదని సూచన వచ్చింది. ఇది చాలా విమానాల్లో కనిపించే మామూలు సంగతే. దాంతో పైలట్లు మీరన్న ఆ పుస్తకం, అంటే చెక్‌లిస్ట్, తీయకుండా, జ్ఞాపకం మీద ఆధారపడి, ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు ఇంధనాన్ని మళ్లించారు. కానీ తక్కువ ఉన్న కుడి వైపున ఇంజిన్ దగ్గర గొట్టం చిట్లి ఉంది. మళ్లించిన ఇంధనం కూడా ఆ చిల్లు గుండానే సముద్రం పాలైంది. కారుతున్నదేమో అన్న అనుమానం ఉంటే మళ్లించవద్దన్న హెచ్చరిక వారు తెరవని ఆ చెక్‌లిస్టులోనే ఉంది.

ముందు కుడి ఇంజిన్, పదమూడు నిమిషాలకు ఎడమ ఇంజిన్ ఆగిపోయాయి. ఆ తర్వాత కెప్టెన్ రాబర్ట్ పిషే, ఫస్ట్ ఆఫీసర్ డిర్క్ డి యాగర్ కలిసి ఆ ఏ330ను ఇంజిన్ల ఊసే లేకుండా 19 నిమిషాలు గాలిలో జార్చుకుంటూ వచ్చి అజోర్స్ దీవుల్లోని లజేస్‌లో దించారు. మొత్తం 306 మందీ బతికారు. వారి నేర్పును ఎంత మెచ్చుకున్నా తక్కువే, అయినా ముందు జరిగిన పొరపాటు పొరపాటే. అందుకే ఒకరు విమానం నడుపుతుంటే మరొకరు బిగ్గరగా చదివి, మీట కదిపే ముందు ఇద్దరూ అదే మీటనా అని చూసుకోవడం పద్ధతి. బయటి నుంచి చూస్తే చాదస్తంలా ఉంటుంది.

ప్రశ్న: 2025 మార్చిలో ఎయిర్ ఇండియా షికాగో–ఢిల్లీ విమానం టాయిలెట్లు పాడై, అంత దూరం వెళ్లాక తిరిగి షికాగోకే వెళ్లిందని చదివాం. దగ్గర్లో యూరప్ ఉండగా వెనక్కి ఎందుకు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఏ పరికరం చెడిందన్న దాన్ని బట్టి ఎక్కడ దిగాలన్నది ఉంటుంది. రెండు ఇంజిన్ల విమానాలకు, ఒకటి ఆగినా నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఉండేలా మార్గం గీస్తారు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 ఇంజిన్‌లో సమస్య వచ్చినప్పుడు, హోటళ్ల సంగతి ఆలోచించకుండా రష్యా తూర్పు కొసనున్న మగదాన్‌లో దించేశారు. అక్కడ గదులు చాలక 216 మంది ప్రయాణికుల్లో చాలామంది తాత్కాలిక వసతుల్లో సర్దుకోవలసి వచ్చింది. టాయిలెట్ల విషయంలో అంత తొందర లేదు కాబట్టి ఎంచుకునే వీలు దొరికింది. 12లో 8 పనిచేయకపోవడంతో ప్రయాణం సాగించలేకపోయారు. యూరప్‌లో చాలా విమానాశ్రయాలు రాత్రి వేళ దిగడానికి ఆంక్షలు పెడతాయని, అందుకే వెనుదిరిగామని సంస్థ వివరించింది. గొట్టాల్లో దొరికినవి పాలిథిన్ సంచులు, గుడ్డ పీలికలు, బట్టలు.