రైలు ప్రయాణికుల మీద తీసిన ‘ఇన్ ట్రాన్సిట్’లో కథే లేదు కదా, ఎందుకు చూడాలి?

కథ ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఏదీ పూర్తిగా చెప్పరు, అంతే.

2015లో వచ్చిన ఈ అమెరికా డాక్యుమెంటరీ ‘ఎంపైర్ బిల్డర్’ అనే ఆమ్‌ట్రాక్ (అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ) రైల్లో తీసింది. ఆ రైలు షికాగోలో బయలుదేరి, నార్త్ డకోటా, మోంటానాల మీదుగా స్పోకేన్ చేరి, అక్కడ రెండుగా విడిపోతుంది. ఒక భాగం సియాటిల్‌కు, మరొకటి పోర్ట్‌లాండ్‌కు వెళతాయి. ప్రయాణం సుమారు 46 గంటలు. అంటే ఎదుటి సీటులోని మనిషితో రెండు రాత్రులు గడపాలి. సినిమాకు అసలు ముడిసరుకు ఆ తీరికే. మళ్లీ కనిపించరన్న ధైర్యంతో కాబోలు, ఇంట్లో చెప్పుకోలేనివి కూడా కొత్తవాళ్ల ముందు చెప్పేస్తారు.

నెలలు నిండిన గర్భిణి ఒకరు, నార్త్ డకోటా చమురు బావుల్లో పని కోసం వెళ్లేవారు కొందరు. వీళ్లను పరిచయం చేసే వ్యాఖ్యానం ఉండదు. దర్శకుల్లో ఒకరైన ఆల్బర్ట్ మేజిల్స్ 1960ల నుంచి పాటించిన పద్ధతి అది: కెమెరా చూస్తుంది, వింటుంది, తీర్పు చెప్పదు. ఈ చిత్రం న్యూయార్క్‌లో జరిగే ట్రైబెకా చలనచిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శితమయ్యేనాటికి ఆయన లేరు. అంతకు కొన్ని వారాల ముందే, 2015 మార్చిలో, 88వ ఏట కన్నుమూశారు.

లోపం కూడా ఉంది. ఒక మనిషి మీద మనసు నిలిచేలోపే కెమెరా మరొకరి దగ్గరికి వెళ్లిపోతుంది. నాకైతే ఇంకొంచెం సేపు కూర్చోవలసింది అనిపించింది. నిడివి గంటంబావే కాబట్టి ఓపిక పట్టవచ్చు.