బేస్ గిటార్ పట్టుకుంటే చెయ్యి లాగేస్తోంది

ప్రశ్న: బేస్ గిటార్ మొదలుపెట్టి మూడు నెలలైంది. అరగంట వాయిస్తే ఎడమ బొటనవేలి మొదలు, మణికట్టు నొప్పి. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండీ, పట్టు సడలించండి. కొత్తలో అందరూ గిటార్ మెడని బొటనవేలితో పిండేస్తారు. ఒకసారి బొటనవేలు తీసేసి చేతి బరువుతోనే తీగ నొక్కి చూడండి, ఎంత తక్కువ బలం సరిపోతుందో తెలుస్తుంది, ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు కమ్మీకి) ఆనుకున్నట్టు కాస్త వెనకాలే నొక్కితే ఇంకా తేలిక. మణికట్టు వంగకుండా స్ట్రాప్ పైకి బిగించండి (మోకాళ్ల దాకా వేలాడేస్తే స్టైల్‌గానే ఉంటుంది, చెయ్యే ఊరుకోదు). మొదటి ఫ్రెట్ల దగ్గర వేళ్లు సాగదీయొద్దు, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం) వాళ్లలా చూపుడు, మధ్య, చిటికెన వేళ్లతో మూడు ఫ్రెట్లే అందుకోండి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే సెటప్ (తీగల ఎత్తు సరిచేయడం) చేయించండి. నొప్పి మొదలైతే ఆపేయండి, ఓర్చుకుని వాయించకండి. తిమ్మిరి ఎక్కుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.