టెక్ సందేహాలు: మెసేజ్‌లో రోల్ నంబరు కరెక్టే, ఫీజు కట్టేయొచ్చా?

మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. రెండో వాయిదా ఫీజు ఈ వారంలోపు కట్టాలని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పేరు, రోల్ నంబరు, బాకీ మొత్తం అన్నీ కరెక్టే. కింద క్యూఆర్ కోడ్, ఒక ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఉన్నాయి. కట్టొచ్చా?

వద్దు. ఆ ఫైలు తెరవనే వద్దు. 'వివరాలన్నీ సరిపోయాయి సార్' అన్న మాట ఫీజుల సీజన్‌లో వచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఉంటోంది. ఆ వివరాలు బయటికి పోవడానికి పెద్ద హ్యాకింగేమీ అక్కర్లేదు. చాలా కాలేజీ పోర్టళ్లలో యూజర్‌నేమ్ రోల్ నంబరే, పాస్‌వర్డ్ పుట్టిన తేదీ. రోల్ నంబర్లు వరసగా ఉంటాయి. ఒకే క్లాసు పిల్లలు కాబట్టి పుట్టిన తేదీలు మహా అయితే రెండు మూడేళ్లలోపే, అంటే వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఎన్నిసార్లు తప్పు కొట్టినా లాక్ కాని పోర్టల్ అయితే చిన్న ప్రోగ్రాం రాసినవాడికి అదో పనే కాదు. లోపల ఆధార్ కాపీ, తండ్రి ఫోన్ నంబరు, ఎంత కట్టారో, ఎంత బాకీయో అన్నీ దొరుకుతాయి. లక్షల్లో ఫీజు తీసుకునే సంస్థ మొదటి లాగిన్‌లోనే పాస్‌వర్డ్ మార్పించలేదా? లోగోకి మాత్రం యానిమేషన్ పెట్టిస్తారు!

ఏపీకే ఇంకా ప్రమాదం. ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చారా, మీ ఓటీపీలు మీకంటే ముందు వాడు చదువుతాడు. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

క్యూఆర్ స్కాన్ చేస్తే పిన్ కొట్టేముందు కనిపించే పేరు కూడా తికమక పెడుతుంది. మన దగ్గర చాలా కాలేజీల ఖాతాలు ఏదో ఎడ్యుకేషనల్ సొసైటీ పేరు మీద ఉంటాయి. కాబట్టి పోయినేడాది రసీదుతో పోల్చుకోండి, దాని మీదున్న నంబరుకే ఫోన్ చేయండి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేవాళ్లకు కూడా ఖాతాదారు పేరు ముందే చూపించాలని ఆర్‌బీఐ 2025 ఏప్రిల్ 1 గడువుగా బ్యాంకులకు చెప్పింది. ఆ పేరు చదవకుండా 'కన్ఫర్మ్' నొక్కేవాళ్లకు నేను చెప్పగలిగేదేమీ లేదు.

కాలేజీవాళ్లే చెప్పిన యాప్‌లో నెలనెలా కడదామంటే కాంటాక్ట్స్, ఫొటోల పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వాలా?

ఇవ్వొద్దు. ఇలాంటి యాప్ ఫీజును కాలేజీకి కట్టేసి మీ దగ్గర నెలనెలా వసూలు చేసుకుంటుంది. అంటే మీరు కట్టేది కాలేజీ వాయిదా కాదు, మీ పేరు మీద తీసుకున్న అప్పు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫైళ్లు ముట్టుకోకూడదని 2022లోనే ఆర్‌బీఐ చెప్పింది. కేవైసీ కోసం కెమెరా, లొకేషన్ లాంటివి మీ అనుమతితో ఒక్కసారి వాడుకోవచ్చు, అంతే. అయినా అడుగుతోందంటే ఆ యాప్ వద్దు, కాలేజీకే నేరుగా రెండు మూడు విడతల్లో కడతామని అడగండి. తప్పదనుకుంటే సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు షరతులన్నీ ఉండే పత్రం) తెప్పించుకుని ఏపీఆర్, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ రేటు, ఎంతుందో చూడండి. 'నో కాస్ట్' అన్నవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు వేస్తే అది అక్కడ బయటపడుతుంది. పిల్లాడు మధ్యలో కాలేజీ మారితే ఈఎంఐ ఆగుతుందా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి.