సమాధానం: ఒకే నర్సింగ్ హోమ్, రెండు కుటుంబాలు, రెండు మాటలు

అమెరికాలో మీ అత్తగారిని చేర్చాలనుకుంటున్న నర్సింగ్ హోమ్‌ను (వృద్ధులను ఉంచుకుని చూసుకునే చోటు) ఒక కుటుంబం మెచ్చుకుంది, మరొకటి తిట్టింది, ఎవరి మాట నమ్మాలి అని అడిగారు. ఈ తేడాకు కారణం చాలావరకు వారు చూసిన వేళలే.

1. ఎప్పుడు, ఏ విభాగంలో అని ఇద్దరినీ అడగండి. కొద్ది వారాల ఫిజియోథెరపీకి వచ్చినవారి మెప్పు, అక్కడే ఉండిపోవలసిన ఆవిడకు అంతగా పనికిరాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వారి ‘కేర్ కంపేర్’ వెబ్‌సైట్‌లో నర్సింగ్ హోమ్‌లకు ఇచ్చే నక్షత్రాల (స్టార్ రేటింగ్) లెక్కలో కుటుంబాల అభిప్రాయాలు ఉండవు. అక్కడే ఆగకుండా సిబ్బంది వివరాలు తెరవండి. శని, ఆదివారాల్లో నర్సుల గంటలు, ఏడాదిలో ఉద్యోగం మానేసిన సిబ్బంది శాతం చూడండి. ‘బటన్ నొక్కినా ఎవరూ రాలేదు’ అన్న ఫిర్యాదుకు ఆ అంకెలు తోడైతే తప్పక నమ్మండి.

3. ఆ నర్సింగ్ హోమ్ వారిని తాజా ప్రభుత్వ తనిఖీ నివేదిక అడగండి. చూపించడం వారి బాధ్యత, మొహమాటం వద్దు.

4. ఆదివారం సాయంత్రం భోజన వేళకు వెళ్లి, తినలేనివారికి ఎవరు తినిపిస్తున్నారో చూడండి.