చిట్టికి, టొరంటో క్లబ్బు డబ్బుల గురించి పెదనాన్న రాస్తున్నది

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బ్యాంకు ఉద్యోగం మానేస్తున్నావట, టొరంటోలో మళ్లీ రగ్బీ లీగ్ టీమ్ పెట్టి ఇంగ్లండ్ పోటీల్లో ఆడించాలని చూస్తున్న వాళ్లతో చేరుతున్నావట, డబ్బు వ్యవహారమంతా నీ చేతికే ఇస్తున్నారట, అది చాలదన్నట్టు ఇంటి డౌన్‌పేమెంట్‌కి దాచుకున్నది కూడా అందులో వాటాగా పెడతానన్నావట. "ఆ పిచ్చి దానికి అంటించింది నువ్వే అన్నయ్యా, ఇప్పుడు నువ్వే చెప్పుకో" అని నా మీద కేకలేశాడు. నేనేం మాట్లాడలేదు, వాడన్నది నిజమే కదా. నీకు పదకొండేళ్లప్పుడు సెలవలకి లీడ్స్ వస్తే ఇక్కడి రగ్బీ గ్రౌండ్ హెడింగ్లీ సౌత్ స్టాండ్‌లో నా చెయ్యి పట్టుకుని నిలబడి, అరగంట చూసి, "పెదనాన్నా ఇది కబడ్డీయే, చేతికి బంతి ఇచ్చారంతే" అన్నావు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో సరిగ్గా అదే అనుకున్నా. అందుకే నువ్వు క్లబ్బు లెక్కలు చూస్తావంటే లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అయినా మూడింటికి మెలకువొచ్చేసింది, లేచి కూర్చుని ఒక కాగితం మీద నవంబర్ నుంచి అక్టోబర్ దాకా నెలలు రాసి గీతలు గీసుకుంటూ తెల్లార్చా.

రిజిస్ట్రేషన్, ఆడిటర్, ఇన్సూరెన్స్, ట్యాక్సులు ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే కదా చదువుకున్నావు. వీసాల దగ్గర మాత్రం ఎవరి మాటా నమ్మకు, ప్రతి ఆటగాడి పాస్‌పోర్టూ నువ్వే కళ్లతో చూడు. 1996లో ఇంగ్లండ్ పై స్థాయి పోటీ సూపర్ లీగ్ మొట్టమొదటి మ్యాచ్ పారిస్‌లోనే ఆడారు, షార్లెటీ స్టేడియంకి 17,873 మంది వచ్చారు, షెఫీల్డ్ మీద పారిస్ 30-24తో గెలిచింది, ఇంక యూరప్ అంతా మనదే అనుకున్నారు ఇక్కడ. మరుసటేడు ఆస్ట్రేలియా కుర్రాళ్లని టూరిస్టు వీసాల మీద ఆడిస్తున్నారని బయటపడింది, 1997 అయ్యేసరికి క్లబ్బే లేదు. వేల్స్‌లో క్రూసేడర్స్ క్లబ్బుకీ 2009లో ఆరుగురు ఆస్ట్రేలియా వాళ్ల విషయంలో వీసా గొడవే. అంత జనం వచ్చిన క్లబ్బు రెండేళ్లు నిలవలేదంటే జనం రావడం, డబ్బు నిలవడం వేరువేరు సంగతులన్నమాట.

ఇక టొరంటో పాత క్లబ్బు వుల్ఫ్‌ప్యాక్ సంగతి. మీవాళ్లు నీకు చూపించే ఫోటోలు నాకు తెలుసు, టొరంటోలో వాళ్ల లాంపోర్ట్ స్టేడియం కిటకిటలాడుతున్నవి, 2019 అక్టోబర్‌లో ఫెదర్‌స్టన్ మీద 24-6తో గెలిచి సూపర్ లీగ్‌లోకి వచ్చిన రోజువి. ఆ జనం అబద్ధం కాదు. ఆ రోజు దాదాపు పదివేల మంది వచ్చారు, టీవీలో చూస్తూ నేనూ కేకలు పెట్టా. కానీ 2020 ఫిబ్రవరి 2న సూపర్ లీగ్‌లో వాళ్ల మొదటి మ్యాచ్ ఎక్కడాడారో తెలుసా, మా హెడింగ్లీలో! కాజిల్‌ఫర్డ్‌తో. నేను వెళ్లా. వాళ్ల న్యూజిలాండ్ స్టార్ సన్నీ బిల్ విలియమ్స్ బెంచి మీంచి లేచి దిగుతుంటే స్టేడియం మొత్తం లేచింది, ఎవరి అభిమానులైనా సరే. 28-10తో ఓడిపోయారు, అది వదిలెయ్. ఇంటికి నడుస్తూ నేననుకున్నది వేరు. టొరంటోలో మంచు, కాబట్టి ఏప్రిల్ దాకా సొంత గడ్డ మీద మ్యాచే లేదు. గేటు డబ్బు లేదు, బీరు అమ్మకం లేదు, జెర్సీల అమ్మకం లేదు. జీతాలేమో నవంబర్ ట్రైనింగ్ నుంచే మొదలు, అదీ పౌండ్లలో, వచ్చే ఆదాయమేమో కెనడా డాలర్లలో. అందరికీ ఇచ్చే టీవీ డబ్బులో వాళ్లకి వాటా లేదు. ఎదుటి టీమ్ టొరంటో వస్తే విమానం ఖర్చు, హోటల్ ఖర్చు వీళ్లదే. అంటే ఒక మ్యాచ్ ఆడాలంటే రెండు టీముల ప్రయాణం ఒక్క క్లబ్బు మొయ్యాలి!

ఆ ఏప్రిల్ రానే లేదు, మార్చిలో కోవిడ్ వచ్చి అంతా ఆగిపోయింది. సూపర్ లీగ్ క్లబ్బుగా టొరంటోలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే జూలైలో తప్పుకున్నారు, అప్పటికే ఆటగాళ్లకి జీతాలు ఆగాయి. నవంబర్‌లో మళ్లీ చేర్చుకోమని అడిగితే మిగతా క్లబ్బుల్లో ఎక్కువమంది వద్దన్నారు, అక్కడి మార్కెట్ వల్ల ఇప్పట్లో లీగ్‌కి చెప్పుకోదగ్గ ఆదాయమేమీ రాదన్నారు. అందరూ కోవిడ్ చంపేసింది అంటారు. నేనొప్పుకోను. కోవిడ్ అందరికీ వచ్చింది, టీవీ డబ్బున్న వాళ్లు దెబ్బ తిని కూడా నిలబడ్డారు, వీళ్లకి ఒక యజమాని జేబు తప్ప ఇంకో ఆధారం లేదు, ఆ జేబు తడబడగానే అంతా పడిపోయింది. ఇది నీకు బాగా గుర్తుండాలి ఎందుకంటే అసలీ ఆట పుట్టిందే కూలి డబ్బు దగ్గర. 1895లో హడర్స్‌ఫీల్డ్ జార్జ్ హోటల్లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు కూర్చుని రగ్బీ యూనియన్ నుంచి విడిపోయింది దేనికి, మ్యాచ్ ఆడటానికి పని మానుకున్న గని కార్మికుడికి, మిల్లు కార్మికుడికి పోయిన కూలి ఇవ్వాలని. అలాంటి ఆటలో కుర్రాళ్లకి జీతం ఆగితే నాకు సొంత ఇంట్లో జరిగినట్టు బాధేస్తుంది.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్తా. మీ నాన్న కూడా చెప్పి ఉండడు.

2003లో నాకు రౌండే రోడ్డులో ట్రావెల్ ఆఫీసు ఉండేది గుర్తుందా, నీకు బొమ్మ విమానం పంపింది అక్కణ్ణించే. ఒకాయన వచ్చాడు. విదేశంలో ఒక టీమ్ పెట్టాను, ఈ ఎండాకాలమంతా అటూ ఇటూ తిరగాలి, టికెట్లన్నీ మీ దగ్గరే అన్నాడు. ఏ ఆట, ఏ ఊరు అనేది వద్దులే. పేపర్లో వచ్చిన ఫోటోలు తెచ్చాడు, గ్యాలరీల నిండా జనం. నేను ఆ ఫోటోలు చూశాను చిట్టీ, బ్యాలెన్స్ షీట్ అడగలేదు. ముప్పై మంది గ్రూప్ బుకింగ్, దాంతోపాటు ఫిజియో మడత బల్ల, ట్యాకిల్ ప్యాడ్లు, కిట్ బ్యాగులు అన్నీ అదనపు లగేజీ. గురువారం రాత్రి కోచ్ టీమ్ ప్రకటిస్తాడు, మోకాలి దెబ్బ తగిలిన వాడి పేరు తీసి ఇంకొకడి పేరు పెట్టాలి, గ్రూప్ టికెట్లో పేరు మారిస్తే మళ్లీ డబ్బు. ఆయన "రాసుకోండి, నెలాఖరుకి మొత్తం ఇచ్చేస్తా" అనేవాడు. మొదటి నెల చెప్పిన రోజుకి ఇచ్చాడు. రెండో నెల నాలుగు రోజులు ఆలస్యం. మూడో నెల సగం. నాకేమో ఎయిర్‌లైన్స్‌కి కట్టాల్సిన తారీఖు ఆగదు, ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే టికెట్లిచ్చే హక్కే పోతుంది, పండక్కి హైదరాబాద్ వెళ్లే మనవాళ్ల టికెట్లు కూడా అందులోనే ఉన్నాయి. అందుకని ఓవర్‌డ్రాఫ్ట్ పెంచమని బ్యాంకుకెళ్లా, వాళ్లు పర్సనల్ గ్యారంటీ అడిగారు, ఇల్లు పెట్టమన్నారు. కౌంటర్ మీద గొలుసుతో కట్టిన పెన్ను ఉండేది, దాంతోనే పెట్టేశా సంతకం, ఆ గొలుసు చాలక కాగితాన్ని ఇటు లాక్కుని మరీ పెట్టా. మీ పెద్దమ్మకి చెప్పలేదు. ఇంకో నెలలో సర్దుకుంటుంది, అనవసరంగా కంగారు పెట్టడం దేనికి అనుకున్నా.

సర్దుకోలేదు. ఆయన ఇంకో దేశంలో పెట్టిన వ్యాపారం ఏదో ఆగిపోయింది, దాంతో ఇక్కడికొచ్చే డబ్బూ ఆగిపోయింది. ఆయన దొంగ కాదు చిట్టీ, అదే అసలు భయం. దొంగయితే రెండో నెలకే పట్టుకునేవాణ్ణి. ఆయనకి నిజంగానే ఆ టీమ్ అంటే ప్రాణం, ఇస్తానన్నప్పుడు నిజంగానే ఇద్దామనుకున్నాడు. ఒకరోజు పొద్దున షట్టర్ తీసేసరికి ఇరవయ్యేళ్ల కుర్రాడు బ్యాగు మీద కూర్చుని ఉన్నాడు, చీలమండకి టేపు ఇంకా అలాగే ఉంది, "నా రిటర్న్ టికెట్ పనిచేస్తుందా సార్?" అని అడిగాడు. పనిచెయ్యదు, రద్దయిపోయింది. జీతం రెండు నెలల్నుంచి లేదన్నాడు. వాడికి నా కార్డు మీదే టికెట్ కొట్టి పంపా, ఆ తర్వాత ఇంకో ముగ్గురికి కూడా. మొత్తం తేలింది 41 వేల పౌండ్లు.

బ్యాంకు ఉత్తరం ఇంటికొచ్చినప్పుడు మీ పెద్దమ్మ చదివింది. ఏమీ అనలేదు, ఒక్క మాట అనుంటే బాగుండేది. వాళ్లమ్మ పెట్టిన నాలుగు గాజులూ తీసి టెలిఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అవి బ్రాడ్‌ఫర్డ్‌లో అమ్మాను. అవీ చాలలేదు. మీ నాన్న తెనాలి దగ్గర మన అరెకరం అమ్మి పంపాడు, ఎందుకు అని అడగలేదు, అప్పటికి నీకు ఐదేళ్లు, మీ అమ్మ ఆ పొలం నీ పేరు మీద ఉంచుదామనుకునేది. ఆ తర్వాత పదకొండేళ్లు కట్టుకున్నా. వాడు ఇప్పుడు ఎందుకంతలా అరుస్తున్నాడో నీకు తెలియాలనే ఇదంతా రాశా, వాడి మీద కోపం పెట్టుకోకు.

అందుకని ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎవరేమన్నా పర్సనల్ గ్యారంటీ మీద సంతకం పెట్టకు. స్టేడియం అద్దెకైనా సరే, బస్సు లీజుకైనా సరే, హోటల్ వాడు అడిగినా సరే. కంపెనీ పేరు మీద ఇస్తే తీసుకో, లేకపోతే ఆ హోటలొద్దు. డౌన్‌పేమెంట్ డబ్బు జోలికి అస్సలు వెళ్లకు. ఉద్యోగం చేస్తే జీతం తీసుకో, పెట్టుబడి పెట్టేవాడు వేరే ఉండాలి, లెక్క చూసేదాని డబ్బే అందులో ఉంటే చెడ్డవార్త చెప్పడానికి నోరు రాదే తల్లీ. నీ నోరు నొక్కడానికి నీ డబ్బే చాలు.

వద్దే వద్దు అనను. విదేశీ క్లబ్బులు బతకవని చెప్తే అబద్ధమవుతుంది. ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ క్లబ్బు కాటలాన్ డ్రాగన్స్ 2006లో సూపర్ లీగ్‌లోకి వచ్చారు, ఇన్నేళ్లుగా ఉన్నారు, 2018లో వార్రింగ్టన్‌ని 20-14తో ఓడించి ఇక్కడి పెద్ద నాకౌట్ పోటీ చాలెంజ్ కప్ కూడా ఎత్తుకెళ్లారు, బ్రిటన్ బయటి క్లబ్బు అది గెలవడం అదే మొదటిసారి. కానీ పెర్పిన్యాన్‌లో ఈ ఆట 1930ల నుంచీ ఉంది, అక్కడి తాతలు కూడా ఆడారు, ఇక్కణ్ణించి అభిమానులు బార్సిలోనా దిగి బీచి చూసుకుని మ్యాచ్‌కి వెళ్తారు, చేరిన మొదటి మూడేళ్లు ఓడినా కింది డివిజన్‌కి పడేయకుండా లీగ్ వాళ్లు కాపాడారు. అయినా మాంసం వ్యాపారం చేసే ఆ క్లబ్బు పెద్ద గ్వాష్ గారి భుజం మీద ఇప్పటికీ బరువెక్కువే అని నా అభిప్రాయం. ఆస్ట్రేలియా లీగ్‌లో ఆడే న్యూజిలాండ్ క్లబ్బు ఆక్లండ్ వారియర్స్ 1995 నుంచీ ఉన్నారు, మధ్యలో ఒకసారి డబ్బుల్లేక మునిగి 2001లో కొత్త యజమానితో లేచారు, న్యూజిలాండ్ మొత్తం వాళ్ల వెనక ఉంది కాబట్టి లేచారు. అదే లీగ్‌లో పాపువా న్యూగినీకి 2028లో టీమ్ వస్తుంటే ఆస్ట్రేలియా ప్రభుత్వమే పదేళ్లకి 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెడుతోంది. చూశావా, ఒక చోట మట్టిలోనే ఆట ఉంది, ఒక చోట దేశం ఉంది, ఇంకో చోట సర్కారు ఉంది. మీ టొరంటోకి వీటిల్లో ఏదుందో మీవాళ్లని అడుగు. ఆ పదివేల మంది ఉన్నారు, నిజమే, వాళ్లు మాత్రం మంచు పోయాకే వస్తారు.

ఇంకోటి, అప్పట్లో వుల్ఫ్‌ప్యాక్ మూడో డివిజన్ నుంచి గెలుచుకుంటూ రెండు మెట్లెక్కి సూపర్ లీగ్‌కి వచ్చింది, 2025 సీజన్‌కి గెలిస్తే చాలు పైకి రావడం అనే పద్ధతి తీసేశారు, క్లబ్బులకి వేసే గ్రేడింగ్ మార్కుల్ని బట్టి సూపర్ లీగ్‌లో చోటిచ్చారు, అందులో ఆటకి కొన్ని మార్కులే, ఖాతాలకీ, అభిమానులకీ, స్టేడియంకీ మిగతావి. నిజానికి ఇది నీకు మంచిదే, లెక్కలు శుభ్రంగా ఉంటే దానికే మార్కులొస్తాయి. కానీ "మూడేళ్లలో పైన ఉంటాం" అని స్పాన్సర్ల దగ్గర మాటివ్వనివ్వకు. టీవీ వాటా ఎంత, ఎప్పట్నుంచి, ఎదుటి టీమ్ ప్రయాణం ఎవరిది, ఈ మూడూ లీగ్ వాళ్ల చేత కాగితం మీద రాయించుకున్నాకే బ్యాంకులో రాజీనామా ఇవ్వు. యజమాని ఇస్తానన్న డబ్బు ముందే ఎస్క్రోలో, అంటే మూడో మనిషి చేతిలో ఉండే ఖాతాలో, వెయ్యమను, కనీసం ఏడాది జీతాలు. వెయ్యడానికి మొహమాటపడితే అదే నీకు జవాబు.

నేను గీసుకున్న కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నా, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఖర్చు గళ్లన్నీ నిండాయి, ఆదాయం గళ్లు ఖాళీ. నీ దగ్గరున్న అసలు అంకెలతో నింపి ఆదివారంలోపు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం, మీ పెద్దమ్మ కూడా చూస్తానంది, ఆ గొడవ తర్వాత మన ఇంటి లెక్కలన్నీ తనే చూస్తోంది కదా. నిమ్మకాయ పచ్చడి పెట్టింది, ఎవరైనా వస్తే పంపుతాం. ఇవన్నీ కుదిరి నిజంగా లాంపోర్ట్‌లో మొదటి మ్యాచ్ పడితే మాకిద్దరికీ రెండు టికెట్లు ఉంచు, పాసులొద్దు, ఆన్‌లైన్‌లో మామూలు రేటుకే కొంటా.

మీ పెదనాన్న