గుండు కొట్టించుకోండి, అప్పు మాత్రం చేయకండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. జీతం చేతికి 92,000 వస్తుంది. అద్దె, కారు ఈఎంఐ, పాప స్కూలు, నెల్లూరులో అమ్మానాన్నలకు పంపేది అన్నీ కలిపి ఖర్చు 68,000. బ్యాంకులో 38,000 ఉంది. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం మా ఆఫీసులో గుండు కార్యక్రమం పెట్టారు. రెండు లక్షలు తెస్తానని అందరి ముందూ చెప్పాను. వచ్చింది 60,000. మిగతా 1,40,000 లోన్ యాప్‌లో 24 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుని కట్టేద్దామనుకుంటున్నాను. విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ కింద పన్ను కూడా తగ్గుతుంది కదా?

జవాబు: ఆ లోన్ తీసుకోకండి. నలుగురిలో ఒక అంకె అనేసి, ఆ మాట నిలబెట్టుకోవడానికి అప్పు తెచ్చేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. ఒకరిది గుడి చందా, ఒకరిది పెళ్లి చదివింపు. మీది మంచి పనే, కానీ తప్పు అదే.

ఈ గుండ్ల ఆనవాయితీ ఎలా మొదలైందో చూడండి. 2000 మార్చి 17న న్యూయార్క్‌లో రీఇన్సూరెన్స్ (బీమా కంపెనీలకే బీమా ఇచ్చే) రంగంలోని మిత్రులు కొందరు 17 గుండ్లతో 17,000 డాలర్లు పోగు చేద్దామనుకున్నారు. లక్ష డాలర్లు దాటింది. తర్వాత అదే పిల్లల క్యాన్సర్ పరిశోధనకు నిధులిచ్చే సెయింట్ బాల్డ్రిక్స్ ఫౌండేషన్ అయింది. అక్కడ గుండు చేయించుకునేవారు ఇచ్చేది జుట్టు, డబ్బిచ్చేది వాళ్లను చూసి కదిలినవాళ్లు. మన తిరుమల కల్యాణకట్టలో కూడా తలనీలాలు ఇచ్చేవాళ్ల దగ్గర దేవస్థానం రుసుం తీసుకోదు. మీ వంతు మీ జుట్టుతో తీరిపోతుంది.

ఇక లెక్క. నెలకు దాదాపు 7,400 చొప్పున 24 నెలలు కట్టాలి. వడ్డీయే 37,600 అవుతుంది. మీ దగ్గరున్న మొత్తం డబ్బు 38,000! ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. పన్ను సంగతంటారా, కొత్త పన్ను విధానంలో 80జీ లేదు, పాత విధానంలోనైనా విదేశీ సంస్థకు నేరుగా ఇస్తే వర్తించదు.

నన్ను భయపెడుతున్నది ఆ 38,000. అది మీ ఇంటికి పదిహేడు రోజుల ఖర్చు. కొన్నేళ్ల కిందట ఒక జంట వచ్చారు. వాళ్ల బాబుకు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదే, చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. ఆసుపత్రి బిల్లు కంపెనీ పాలసీ కట్టింది. కానీ తల్లి ఉద్యోగం మానేసింది. ఆవిడ తెచ్చిన నోటుబుక్కులో పేజీల నిండా ఆటో డబ్బులే: 180, 210, 180. అవన్నీ క్రెడిట్ కార్డు మీదికి ఎక్కాయి. పాలసీ ఎంత ఉన్నా, ఆ నోటుబుక్కులోని ఖర్చుకు చేతిలో డబ్బుండాల్సిందే.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 4,08,000 పక్కన ఉండాలి. నెలకు మిగిలే 24,000లో 20,000 అందులో వేయండి, ఏడాదిన్నర దాటేసరికి చేరతారు. సగం స్వీప్ ఖాతాలో (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి వెళ్లే బ్యాంకు ఖాతా), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచితే చాలు. అప్పటిదాకా కొత్త ఈఎంఐ ఏదీ వద్దు. ఉద్యోగం మారితే కంపెనీ పాలసీ పోతుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ కలిపి వర్తించే సొంత ఆరోగ్య బీమా, అంటే ఫ్యామిలీ ఫ్లోటర్ కూడా తీసుకోండి. నెలకు వెయ్యి విరాళం ఇవ్వాలనిపిస్తే మిగిలిన 4,000లోంచి ఇవ్వండి.

నిర్వాహకులకు ఈ వారమే చెప్పేయండి: 60,000 వచ్చింది, గుండు రోజు వరకూ ఇంకా అడుగుతాను అని. కంపెనీ తన వాటా కలుపుతుందేమో హెచ్‌ఆర్‌ని అడగండి. గుండు ఫొటో ఊళ్లోవాళ్లకు, పాత క్లాస్‌మేట్లకు పంపండి, ఒక్కొక్కరిని 500 అడగండి. లోన్ యాప్‌ను మాత్రం ఈ రాత్రికే ఫోన్లోంచి తీసేయండి.