బెకియాలో వానగాలికి లంగరు జారడం: ముందు గొలుసు లెక్క చూడండి

మీ లంగరు చిన్నదై కాదు, గొలుసు చాలక జారుతోంది. కరీబియన్ దీవి బెకియాలోని అడ్మిరల్టీ బేలో 5 మీటర్ల లోతుకు 20 మీటర్లు వదిలాం, నాలుగు రెట్లు చాలదా అని అడిగారు. గొలుసు దిగేది నీటి మట్టం నుంచి కాదు, పడవ ముక్కు నుంచి. అది ఇంకో 1.5 మీటర్ల ఎత్తు. అంటే 6.5 మీటర్లకు 20, మూడు రెట్లే.

1. మామూలు తూర్పు గాలికి ఐదు రెట్లు, 33 మీటర్లు. మబ్బు కమ్ముతుంటే ఏడు రెట్లు, 45 దాకా. పడవ లంగరు చుట్టూ తిరిగే చోటు ముందే చూసుకోండి.

2. నీళ్లలో ముదురు మచ్చలు గడ్డి. లేత రంగు ఇసుక మీదే వేయండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: రివర్స్‌లో లాగి చూడటం. గొలుసు బిగిసేదాకా మెల్లగా, తర్వాత ఇంజన్ వేగం పెంచి అర నిమిషం ఉంచండి. గొలుసు మీద అరచేయి ఆనించండి, వేళ్లు చుట్టకండి. గరగరా వణికితే లంగరు ఇసుక మీద జారుతున్నట్టే. ఎత్తి మళ్లీ వేయండి, బద్ధకించకండి. ఒడ్డున ఒక కొబ్బరి చెట్టు, దాని వెనక ఒక ఇంటి కప్పు గుర్తు పెట్టుకోండి. రెండూ ఒకే వరుసలో కదలకుండా ఉంటే లంగరు పట్టింది.

4. వెలుతురుండగానే మాస్క్ పెట్టుకుని దిగి చూడండి. లంగరు మొన ఇసుకలో పూర్తిగా దిగబడి ఉండాలి. అది కళ్లారా చూస్తే నాకు రాత్రి టెన్షన్ ఉండదు.

ఆ బే పడమటి వైపు తెరుచుకుని ఉంటుంది. వానతో గాలి తిరిగి పడమర నుంచి వీస్తే మీ వెనక ఒడ్డే. అప్పుడు లంగరు ఎదురు దిక్కు నుంచి లాగుడు తింటుంది, కాబట్టి గుర్తులు మళ్లీ చూసుకోండి.